అద్దంలోకి మళ్ళీ వెళ్ళిన పిల్ల

ఆలిస్ మొదటిసారి పడిపోయింది. కుందేలు వెంట పరిగెత్తి, బయటికి ఎట్లా రావాలో కూడా ఆలోచించకుండా బొరియలో దూరి, ఎక్కడికో జారిపోయింది. రెండోసారి మాత్రం పడలేదు. బయట మంచు కురుస్తోంది. ఇంట్లో చలిమంట దగ్గర నల్ల పిల్లికూనతో కబుర్లాడుతూ, మంటగూటి పైనున్న పెద్ద అద్దంలోకి చూసింది. అందులో కనిపిస్తున్న గదిలోకి వెళ్ళాలనుకుంది. పైకెక్కింది. అద్దం పొగమంచులా కరిగింది. అవతలి గదిలోకి దూకింది.

ఆలిస్ అనగానే అందరికీ గుర్తొచ్చేది లూయిస్ కారొల్ రాసిన మొదటి పుస్తకమే, 1865లో వచ్చిన 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్'. కుందేలు, టీ పార్టీ, పేకముక్కల రాణి అన్నీ అందులోవే. నాకు ముందు దొరికింది రెండోది, 1871 చివర్లో వచ్చిన అద్దం కథ, 'త్రూ ది లుకింగ్ గ్లాస్'. ఇన్నేళ్ళ తరవాత కూడా నా పుస్తకం ఏదంటే అదే చెబుతాను. ఎందుకో వివరంగా రాయాలని చాలాకాలంగా ఉంది.

మా ఇల్లు పాత తిరుపతిలో, గోవిందరాజస్వామి గుడికి నడిచిపోయేంత దూరంలో ఉండేది. నాయన, అమ్మ, అన్న, నేను, అవ్వ, తాత, చిన్నాయన. చిన్నాయన అప్పట్లో వేంకటేశ్వర యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎమ్మే చదువుతున్నాడు. ఎనభైల మొదటి రోజులు. మద్రాసు వెళ్ళినప్పుడల్లా మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాలు తెచ్చేవాడు. ఆ మార్కెట్ 1985లో కాలిపోయిందని తెలిసిన రోజు ఆయన సరిగ్గా అన్నం కూడా తినలేదు. అట్టలు ఊడిపోయిన ఈ పుస్తకం అక్కడి నుంచి వచ్చిందే.

ఎండాకాలం పొద్దుగూకగానే మిద్దె మీద నీళ్ళు చల్లి చాపలు పరిచేవాళ్ళం. కరెంటు పోతే లాంతరు. ఉత్తరం వైపు కొండ, కొండ మీద మెట్లదారి దీపాలు వరసగా గాలిగోపురం దాకా. చిన్నాయన ఒక పేజీ మనసులో చదువుకుని, తలెత్తి తెలుగులో చెప్పేవాడు. బొరుగుల్లో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపి అమ్మ గిన్నెతో తెచ్చి మధ్యలో పెట్టేది. నేను అన్న పక్కన కాకుండా అవ్వ పక్కన కూర్చునేదాన్ని, ఎందుకంటే నాకు రాని ప్రశ్నలు అవ్వకి వచ్చేవి.

మొదటి ప్రశ్న అద్దం దాటగానే అడిగింది.

"ఎవుర్ని అడిగి పొయింది మే ఆ పాప?"

ఆమె అడిగింది నన్ను. జవాబు చిన్నాయన చెప్పాడు. "ఎవుర్నీ అడగలేదమ్మా. తనకే పోవాలనిపించింది, పొయింది."

అవ్వ కొంచెంసేపు ఆలోచించింది. "మళ్ళా వస్తుందా?"

"వస్తుంది."

"అయితే చెప్పు."

మా వీధిలో ఆడపిల్ల చివర అంగడికి పోవాలన్నా తోడు ఉండాలి, ఇంట్లో చెప్పాలి. అందుకు నేనేమీ బాధపడేదాన్ని కాదు, అందరూ అంతే. కానీ ఈ పిల్ల అద్దం అవతలికి దిగగానే అనుకునే మాట ఒకటుంది. ఇక్కడైతే మంటకి దగ్గరగా కూర్చుంటే లెమ్మని కసిరేవాళ్ళు లేరు, ఇంట్లోవాళ్ళకి అద్దంలో తను కనిపిస్తుంది గానీ పట్టుకోలేరు, ఎంత బాగుంటుందో అని. చిన్నాయన ఆ మాట చెప్పినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

చందమామ మా ఇంట్లో అందరం చదివేవాళ్ళం. 1947 జులైలో మొదలైన పత్రిక. నాయన పాత సంచికలు బైండు చేయించి పెట్టుకున్నాడు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ అన్నా, వాటికి చిత్రా గారి బొమ్మలన్నా నాకు ప్రాణం. అప్పట్లో వాటి మీద రచయిత పేరు కూడా ఉండేది కాదు, ఎవరు రాశారో పెద్దయ్యాక తెలిసింది. శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు, ఎంతమంది వెంట ఎన్ని అడవులు తిరిగానో! కానీ నాకు గుర్తున్నంతవరకు ఆ కథల్లో ప్రయాణం మగపిల్లలదే. రాజకుమార్తెని ఎవడో ఒకడు ఎత్తుకుపోతాడు, ఇంకొకరు విడిపించుకొస్తారు. ఆలిస్‌ని ఎవరూ ఎత్తుకుపోలేదు, ఎవరూ విడిపించలేదు. పైగా ఒకసారి పోయి వచ్చింది చాలక రెండోసారి పోయింది. ఆ 'రెండోసారి' అనేదే నన్ను పట్టుకుంది. మొదటిసారి ఎవరికైనా అనుకోకుండా జరగొచ్చు. మళ్ళీ వెళ్ళడానికి మాత్రం వెళ్ళాలని కోరిక ఉండాలి.

అద్దంలోని దేశమంతా ఒక చదరంగం పలక. వాగులు, కంచెలు గీతలు. మధ్యలో పొలాలు గడులు. ఆలిస్ తెల్ల పక్షాన బంటుగా మొదలుపెట్టి, ఎనిమిదో గడి చేరితే రాణి అవుతుంది. ఇది వినగానే తాత లోపలికి పోయి తన పలక తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి కథ పలక మీదే నడిచింది. ఆలిస్ రైలెక్కి మూడో గడి దాటేసి నాలుగో గడిలో దిగితే తాత ఒప్పుకోలేదు.

"బంటు ఒక్క గడే గదరా పొయ్యేది, రెండు ఎట్ల పోతుంది?"

తాతది పాత పద్ధతి ఆట. ఇంగ్లీషువాళ్ళ ఆటలో బంటు మొదటి ఎత్తుకి రెండు గడులు పోవచ్చనీ, రైలు పెట్టింది అందుకేననీ చిన్నాయన చెప్పాక తాత తలూపి, బంటుని రెండు గడులు జరిపాడు. ఈ పుస్తకం రాసిన లూయిస్ కారొల్ అసలు పేరు చార్లెస్ డాడ్‌సన్, ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల పాఠాలు చెప్పేవాడు. పుస్తకం మొదట్లోనే ఆట ఎత్తులన్నీ రాసి, తెల్ల బంటు పదకొండు ఎత్తుల్లో గెలుస్తుందని పెట్టాడు. తాతకి ఆ పేజీ ఒక్కటే కావాల్సి వచ్చింది. కథ వింటూనే దాన్ని చిన్నాయన చేత చదివించుకుని ఎత్తులు సరిచూసేవాడు. ఒక పక్షమే వరసగా కదులుతోందని గొణిగేవాడు. నిజమే, ఆటగా చూస్తే వరసలు సరిగ్గా రావు, కారొల్ కూడా ఆ సంగతి ఒప్పుకున్నాడు. కానీ ఆలిస్ ఒక్కో వాగూ దాటుతుంటే తాత వేలు ఆ బంటు నెత్తిన ఉండేది. "ఇది వెనక్కి పోలేదమ్మా, ముందుకే" అనేవాడు నాతో.

ఆ దేశంలో కొండెక్కాలని కొండవైపు నడిస్తే మళ్ళీ ఇంటి గుమ్మంలోనే తేలుతుంది ఆలిస్. చివరికి కొండకి వీపు పెట్టి నడిస్తే కొండ చేరుతుంది. మా పిల్లలకి ఇది వింత కాదు. ఘాట్ రోడ్డు బస్సులో కిటికీ దగ్గర కూర్చుంటే ఒక మలుపులో ఊరు కుడివైపు, ఇంకో మలుపులో ఎడమవైపు. గుడి కొండ ఎటుందో తెలియదు, కడుపులో తిప్పుడు, నోట్లో నిమ్మకాయ. ఎదుటి పక్షపు ఎర్రరాణి ఆలిస్ చెయ్యి పట్టుకుని గాల్లో తేలేంత వేగంగా పరిగెత్తించి, ఆగి చూస్తే ఇద్దరూ అదే చెట్టు కింద ఉంటారు. ఉన్నచోట ఉండాలంటేనే అంత పరుగు కావాలంటుంది రాణి. అన్న ఇది విని పొర్లి పొర్లి నవ్వాడు.

ఎర్రరాజు చెట్టు కింద గురకపెట్టి నిద్రపోయే చోటు వచ్చింది. కవల అన్నదమ్ములు ఆలిస్‌కి చెబుతారు: ఆయన ఇప్పుడు నిన్నే కలగంటున్నాడు, నువ్వు ఆ కలలో ఒక వస్తువువి, ఆయన లేస్తే దీపం ఆరినట్టు ఆరిపోతావు. ఆలిస్ ఏడుస్తుంది. నేను నిజమైనదాన్నే అంటుంది. నాకు నోట మాట రాలేదు. అవ్వ మాత్రం, ఎప్పటినుంచో తెలిసిన సంగతి విన్నట్టుగా, గుడివైపు చూసి చేతులు జోడించింది.

"మన గోవిందరాజులు కూడా కుంచం తలకింద పెట్టుకొని పడుకోనుండాడు గదా. ఆయన లేచి కూర్చుంటే ఏమవుతామో ఎవురికి తెలుసు."

తమ్ముడు వేంకటేశ్వరుడి పెళ్ళికి తెచ్చిన అప్పు తీర్చడానికి కానుకలు కొలిచి కొలిచి అలసిపోయి, ఆ కుంచమే తలగడగా పడుకున్నాడని మా ఊళ్ళో అందరికీ తెలిసిన కథ. తరవాత గుడికి వెళ్ళినప్పుడు ఆ శయనమూర్తి ముందు నిలబడి, స్వామి కళ్ళు మూసే ఉన్నాయా అని చాలాసేపు చూశాను. పూజారి జరగమన్నా జరగలేదు.

జింకపిల్ల దగ్గరికి ఇంకా రాలేదు నేను.

మూడో అధ్యాయం చివర ఒక అడివి వస్తుంది. అందులో అడుగుపెడితే దేని పేరూ గుర్తుండదు. చెట్టుని చూసి దాన్ని ఏమంటారో చెప్పలేకపోతుంది ఆలిస్, తన పేరు కూడా చెప్పలేకపోతుంది. అక్కడ ఒక జింకపిల్ల ఎదురవుతుంది. ఇద్దరికీ ఎవరు ఎవరో తెలియదు, కాబట్టి భయం లేదు. జింక మెడ చుట్టూ చేతులు వేసి ఆలిస్ నడుస్తుంది. అడివి దాటి బయటి పొలంలోకి రాగానే జింకకి గుర్తొస్తుంది, నేను జింకని, నువ్వు మనిషిపిల్లవి అని. పెద్ద కళ్ళల్లోకి భయం వస్తుంది. మరుక్షణం పారిపోతుంది.

రెండు పేజీలు కూడా ఉండదు ఈ భాగం. పుస్తకం మొత్తంలో దీనికి సాటి వచ్చేది నా దృష్టిలో లేదు. మొదటి పుస్తకంలో ఆలిస్ చాలాసార్లు ఏడుస్తుంది, తన కన్నీళ్ళలో తనే ఈదుతుంది కూడా. కానీ మెడ చుట్టూ చేతులు వేసి నడిచిన తోడుని పోగొట్టుకుని ఏడవదు. రెండోసారి వెళ్ళిన పిల్లకే ఆ దుఃఖం రాశాడు కారొల్. అంత త్వరగా తోడు పోయినందుకు ఏడుపు వచ్చేంతగా వెనకే చూస్తూ నిలబడుతుంది, తరవాత 'ఇప్పుడు నా పేరైనా తెలుసు నాకు' అని సర్దుకుంటుంది. అలిపిరి మెట్లదారిలో జింకల పార్కు దగ్గర ఆగినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. కంచె సందుల్లోంచి ఆకు అందిస్తే మూతి చాపి అందుకుంటాయి, చెయ్యి కొంచెం కదిలితే చాలు, వెనక్కి గెంతుతాయి.

ఆ రాత్రి అవ్వ "ఆ ముక్క ఇంకోసారి చెప్పు నాయనా" అంది. చిన్నాయన మళ్ళీ చెప్పాడు. అవ్వ ఏమీ అనలేదు, కొంగుతో నా మొహం తుడిచింది. నేను ఏడుస్తున్నట్టు ఆమెకి చీకట్లో ఎట్లా తెలిసిందో.

మే నెలలో గంగజాతర వచ్చి కథ ఆగింది. ఆ వారం తిరుపతి పిల్లలకి ఏ కథా అక్కర్లేదు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. ఒంటికి సుద్దో బొగ్గో పూసుకుని వేపాకు పట్టుకుని, తెలిసిన మనుషులే తెలియకుండా వీధుల్లో తిరుగుతారు, మగవాళ్ళు చీరలు కట్టి జడలు వేసుకుంటారు. మా అన్న బైరాగి వేషం కట్టి వాకిట్లో నిలబడితే అమ్మకే ఒక్క నిమిషం పట్టింది. ఆడపిల్లల మీద కన్నేసిన పాలెగాణ్ణి వెతకడానికి గంగమ్మ రోజుకొక రూపం మార్చిందనీ, వాడు దాక్కుంటే దొర వేషంలో వచ్చి బయటికి రప్పించి చంపిందనీ, మాతంగి వేషంలో పోయి వాడి పెళ్ళాన్ని ఓదార్చిందనీ అవ్వ ఏటేటా చెప్పేది. ఆ ఏడు ఇంకో మాట చేర్చింది. "మన గంగమ్మ కూడా అవిలాలలో పెరిగిన చిన్నపిల్లే. ఆ పాప మాదిరే ఒక్కతే తిరిగింది." ఇంగ్లండు పిల్లని అవ్వ తన లెక్కలోకి తీసుకుందని నాకు తెలిసింది అప్పుడే.

జాతర అయ్యాక తెల్లయోధుడి అధ్యాయం. గుర్రం ఆగితే ముందుకి, కదిలితే వెనక్కి పడే ముసలాయన, చిత్రమైన వస్తువులు కనిపెడుతుంటాడు, సొరచేపలు కరవకుండా గుర్రం కాళ్ళకి కడియాలు వేస్తాడు. ఆలిస్‌ని అడివి చివరిదాకా దిగబెట్టి, నేను ఆ మలుపు తిరిగేవరకు ఉండి చేతిరుమాలు ఊపు, నాకు ధైర్యంగా ఉంటుందని అడుగుతాడు. ఆమె ఊపుతుంది. తరవాత ఆఖరి వాగు దూకుతుంది, నెత్తిన బంగారు కిరీటం ఉంటుంది.

ఆ యోధుడు కారొలేనని చాలామంది పాఠకులు అనుకుంటారని చిన్నాయన చెప్పాడు. నేను కాలేజీకి వచ్చాక మిగతాది చెప్పాడు. ఆలిస్ లిడెల్ అనే నిజమైన పాపకి, ఆమె అక్కచెల్లెళ్ళకి 1862 జులై 4న పడవలో పోతూ చెప్పిన కథే మొదటి పుస్తకం అయింది. 1852లో పుట్టిన ఆ పాపకి రెండో పుస్తకం వచ్చేనాటికి పంతొమ్మిదేళ్ళు. పుస్తకంలోని ఆలిస్‌కి మాత్రం ఏడున్నర. ఏడు దగ్గరే ఆగిపోవాల్సింది అంటాడు గోడ మీది హంప్టీ డంప్టీ. పెరగకుండా ఎట్లా ఉంటాను అంటుంది ఆలిస్. పుస్తకం చివరి పద్యంలో ఒక్కో పంక్తి మొదటి అక్షరం ఏరుకుంటూ పోతే ఆ అమ్మాయి పూర్తి పేరు వస్తుంది. ఇది తెలిశాక ఆ వీడ్కోలు చదువుతుంటే, రుమాలు ఊపమని అడుగుతున్నదెవరో నాకు ఇంకా బాగా కనిపించింది.

పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు ఇట్లా మళ్ళీ వెళ్ళిన పిల్లల్ని వెతుక్కుని చదివాను. ఓజ్ అనే మాయదేశానికి పోయిన డొరోతీ 1900లో ఇల్లు చేరింది. 1904లో వచ్చిన రెండో పుస్తకంలో ఆమె లేదు. 1907లో మూడో దాంట్లో ఒక కోడిపెట్టతో సముద్రం మీద కొట్టుకొచ్చింది. 1910 నాటికి పిన్నీ బాబాయిలతో సహా అక్కడే కాపురం పెట్టింది. నార్నియా అనే మాయలోకానికి బీరువాలోంచి పోయిన లూసీ సంగతి వేరు. 1950లో వచ్చిన ఆ పుస్తకంలో లూసీ రెండోసారి పోయినప్పుడు వెనకే అన్న కూడా వస్తాడు, అంతా చూస్తాడు, ఇంటికొచ్చి అదంతా ఆట అని అబద్ధమాడతాడు. ఆ పేజీ చదివి పుస్తకం మూసి మా అన్నతో ఊరికే పోట్లాడాను. తరవాతి పుస్తకాల్లో ఆ పిల్లలకి ఒక్కొక్కరికీ, నీకు వయసొచ్చింది, ఇక రావద్దని చెబుతారు. అది నేను ఇప్పటికీ ఒప్పుకోలేను.

డొరోతీకి అక్కడ స్నేహితులున్నారు. లూసీ కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు. ఆలిస్‌కి ఎవరూ లేరు. అద్దం దేశంలో రాజుగారి దూతలుగా ఇద్దరు వస్తారు. పుస్తకానికి బొమ్మలు వేసిన టెనియల్ గీసింది చూస్తే ఒకడు మొదటి పుస్తకం టీ పార్టీలోని టోపీవాడే, టీ కప్పు చేతిలో. ఇంకొకడు ఆ టీ పార్టీలోనే ఉన్న కుందేలు. వాళ్ళు ఆమెని గుర్తుపట్టరు. ఆమె గుర్తుపట్టినట్టు కూడా కారొల్ ఒక్క మాట రాయలేదు. ముందు వచ్చి వెళ్ళినందుకు ఆమెకి అక్కడ ఏ గౌరవమూ లేదు, బంటుగా మొదటి నుంచీ నడవాలి. మళ్ళీ వెళ్ళడం గురించి నేను చదివినవాటిల్లో ఇంత నిజంగా రాసింది ఇదే అనిపిస్తుంది. బెంగళూరులో కాపురం పెట్టాక జాతరకి వచ్చినప్పుడు మా వీధిలో కొత్త అంగడాయన "ఎవురింటికి పోవాల మేడమ్?" అని దారి చూపించబోయాడు. నేను దారి చెప్పించుకున్నాను. ఆయన చెప్పింది సరిగ్గానే ఉంది, మధ్యలో కొత్తగా వచ్చిన రెండు సందులు నాకు తెలియవు.

పుస్తకం ఇప్పుడు మా అన్న కూతురి దగ్గర ఉంది. చిన్నాయనే ఇచ్చాడు. ఆమెకి జింకపిల్ల కంటే ఒంటికొమ్ము గుర్రం ఇష్టం. మనుషుల పిల్లలు కట్టుకథల్లో ఉండే జంతువులని అది ఇంతకాలం నమ్మిందట. ఆలిస్‌ని చూసి, నువ్వు నన్ను నమ్మితే నేను నిన్ను నమ్ముతాను అంటుంది. ఆ మాట ఆమె స్కూలు నోటుబుక్కు అట్ట మీద రాసుకుంది. ఫోన్లో ఆదివారం ఆదివారం ఒక అధ్యాయం చదువుతాం, ఆమె ఇంగ్లీషులో, నేను తెలుగులో. చెస్ నేర్చుకుంటోంది కాబట్టి పలక కూడా పక్కన ఉంటుంది. తాత పలకే, రెండు ఏనుగులు పోయాయి, వాటి బదులు గుండీలు పెట్టుకుంది.

పోయిన ఆదివారం పుస్తకం అయిపోయింది. ఎర్రరాణిని పట్టుకుని ఊపితే పిల్లికూన అయింది, అది నా కలా ఎర్రరాజు కలా అని ఆలిస్ అడిగింది. మూడో పుస్తకం ఏదని అడిగింది మా పాప. లేదమ్మా, కారొల్ మళ్ళీ పంపలేదు అన్నాను.

"ఆయన పంపేదేంది అత్తా? ఈసారి పాప తనే పొయింది గదా" అంది. తరవాత వాళ్ళమ్మ అన్నానికి పిలిస్తే ఫోన్ పెట్టేసింది.